మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ సభ్యత్వం: ఎవరు కట్టాలి, ఎవరికి అక్కర్లేదు

ఇంగ్లిష్‌లో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకూ, డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ చెబుతున్నవాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహం ఇది. అమెరికాలోని మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్‌లో డాలర్లు కట్టి చేరితే ఏమొస్తుంది? ముందే తేల్చి చెబుతాను. ఆ సంస్థ తయారుచేసే వాటిలో మనకు రోజూ అక్కరకొచ్చేవి దాదాపు అన్నీ సభ్యత్వం లేకుండానే దొరుకుతాయి. వాళ్ల వార్షిక సభల్లో పేపర్ చదవాలన్నా, వాళ్ల పత్రికకు వ్యాసం పంపాలన్నా, సంస్థ ఎన్నికల్లో ఓటు వేయాలన్నా సభ్యత్వం తప్పదు. ఈ మూడింటిలో ఒక్కటీ మీ ఏడాది ప్రణాళికలో లేకపోతే ఆ డబ్బు పుస్తకాలకు పెట్టుకోండి.

ఇది 1883 డిసెంబరులో న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో నలభై మంది అధ్యాపకులు కూర్చుని పెట్టుకున్న సంఘం. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీకి చెందిన ఎ. మార్షల్ ఎలియట్ పూనుకుని అందరినీ పోగుచేశాడు. అప్పట్లో కాలేజీ చదువంటే గ్రీకు, లాటిన్. ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ చెప్పేవాళ్లు రెండో వరసలో ఉండేవాళ్లు. తమ సబ్జెక్టు కూడా అంత కష్టమైనదే, అంత గౌరవించదగినదే అని నిరూపించుకోవడానికి వాళ్లు పరిశోధనను ముందుకు తెచ్చారు. మరుసటి ఏడాదే పత్రిక మొదలైంది. ఆ ఎంపికకు మూల్యం కూడా ఉంది. బోధన మీద పట్టింపు తగ్గిందనుకున్నవాళ్లు వేరు దారి చూసుకున్నారు. స్కూలు, కాలేజీ స్థాయి ఇంగ్లిష్ టీచర్ల కోసం 1911లో షికాగోలో నేషనల్ కౌన్సిల్ ఆఫ్ టీచర్స్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. 1914లో వక్తృత్వం నేర్పే పదిహేడు మంది ఆ కౌన్సిల్ నుంచి విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నారు. సభ్యత్వం తీసుకునేముందు ఈ చరిత్ర తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే క్లాస్‌రూమ్‌లో రేపు పొద్దున ఏం చేయాలో చెప్పే సంస్థగా ఇది పుట్టలేదు, ఈనాటికీ దీని బలం అక్కడ లేదు.

సంస్థ వస్తువుల్లో మనకు బాగా తెలిసింది హ్యాండ్‌బుక్, వ్యాసంలో వాడిన ఆధారాలను ఎలా చూపాలో, చివరి జాబితాలో ఎలా రాయాలో (దీన్నే స్టైల్ అంటారు) చెప్పే పుస్తకం. 1951లో చిన్న స్టైల్ షీట్‌గా మొదలై, 1977లో పుస్తకంగా వచ్చి, 2021లో తొమ్మిదో ఎడిషన్‌కు చేరింది. పరిశోధన చేసే ఎవరికైనా ఇది కొనదగిన పుస్తకమని గట్టిగా చెబుతాను. కొననక్కర్లేదనుకుంటే సంస్థ నడిపే స్టైల్ సెంటర్ వెబ్‌సైట్‌లో ముఖ్యమైన నియమాలు, ఖాళీ టెంప్లేటు, సందేహాలకు జవాబులు ఉచితంగా ఉన్నాయి.

2016లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ ఈ స్టైల్‌ను మొత్తంగా మార్చింది. అంతకుముందు పుస్తకానికి ఒక సూత్రం, పత్రికకు ఒకటి, వెబ్‌సైట్‌కు ఒకటి బట్టీ పట్టాల్సి వచ్చేది. ఇప్పుడు దేనికైనా ఒకే వరస, తొమ్మిది అంశాలు. రచయిత, రచన పేరు, ఆ రచన ఉన్న పెద్ద గూడు పేరు (పత్రిక, సంకలనం, వెబ్‌సైట్ ఏదైనా), ఇతర పాత్రధారులు (సంపాదకుడు, అనువాదకుడు), వెర్షన్, సంఖ్య, ప్రచురణకర్త, తేదీ, చోటు (పేజీలు లేదా లింకు). మొదటి రెండింటి తర్వాత ఫుల్‌స్టాప్, మిగతావాటి మధ్య కామా, చివర ఫుల్‌స్టాప్. లేని అంశాన్ని వదిలేయాలి. జేస్టోర్‌లో (పరిశోధన పత్రికల ఆన్‌లైన్ భాండాగారం) చదివిన వ్యాసమైతే పత్రిక మొదటి గూడు, జేస్టోర్ రెండోది. పత్రిక వివరాలు ముగించి ఫుల్‌స్టాప్ పెట్టాక జేస్టోర్ పేరు, లింకు రావాలి.

మన థీసిస్‌లలో ఎక్కువగా కనిపించే తప్పు పాత ఏడో ఎడిషన్‌నూ కొత్తదాన్నీ కలిపేయడం. ఎంట్రీ చివర ‘ప్రింట్’, ‘వెబ్’ అని రాస్తే అది 2009 నాటి పద్ధతి. ప్రచురణ జరిగిన ఊరు రాయడమూ పాతదే. 1900కు ముందు వచ్చిన పుస్తకాలకు మాత్రం ఇప్పటికీ ప్రచురణకర్త పేరు బదులు ఊరు ఇవ్వొచ్చు. సంపుటి, సంచికలను చుక్కతో కలిపి, ఏడాదిని బ్రాకెట్లో పెట్టి, కోలన్ తర్వాత పేజీలు ఇవ్వడం కూడా పోయింది. ఇప్పుడు వాల్యూమ్, నంబర్, ఏడాది, పేజీలు అన్నీ పొట్టి గుర్తులతో, కామాలతో వస్తాయి. ఈ కలగాపులగానికి కారణం స్కాలర్ల అజాగ్రత్త ఒక్కటే కాదు. సీనియర్ థీసిస్‌ను నమూనాగా పెట్టుకుని టైప్ చేయడం, డిపార్ట్‌మెంట్ మార్గదర్శకాల్లో ఏ ఎడిషనో రాయకపోవడం, పాత సెట్టింగ్ మీద నడుస్తున్న సాఫ్ట్‌వేర్. జొటెరో (ఆధారాల జాబితా తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు స్టైల్ జాబితాలో తొమ్మిదో ఎడిషన్ ఉందో లేదో చూసుకోవాలి. చూసుకున్నా ప్రతి ఎంట్రీనీ కంటితో చదవాల్సిందే. డేటాబేస్ నుంచి లాగిన వివరాల్లో శీర్షికలు అన్నీ పెద్దక్షరాల్లోనో, రచయిత పేరు తలకిందులుగానో వచ్చి కూర్చుంటాయి.

పేరు తలకిందులు కావడం తెలుగువాళ్లకు పెద్ద సమస్య. ఈ స్టైల్‌లో మొదటి రచయిత ఇంటిపేరు ముందుకొచ్చి కామా తర్వాత సొంత పేరు వస్తుంది. పాశ్చాత్య పేర్లకు అది సరిపోతుంది. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది కదా. గురజాడ అప్పారావు అన్న పేరును యాంత్రికంగా తిప్పి ‘అప్పారావు, గురజాడ’ అని రాస్తే ఇంటిపేరు వెనక్కి పోయి, ఎంట్రీ తప్పు అక్షరం కింద పడుతుంది. ఇంటిపేరు ముందుండే చైనీస్, జపనీస్, కొరియన్, హంగేరియన్ పేర్లను తిప్పకుండా, కామా పెట్టకుండా రాయమని హ్యాండ్‌బుక్ నియమం. అదే నియమాన్ని తెలుగు పేర్లకూ వర్తింపజేయాలి. ‘గురజాడ అప్పారావు.’ అని ఎంట్రీ, వ్యాసం మధ్యలో బ్రాకెట్లో గురజాడ, పక్కన పేజీ నంబరు. శ్రీశ్రీ లాంటి కలం పేరును విడగొట్టకూడదు, తిప్పకూడదు, ఉన్నదున్నట్టే రాయాలి. పొడి అక్షరాల పేర్లతో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. కె. రామారావు అనే పేరులో ‘కె’ ఇంటిపేరు, చివరి ‘రావు’ కాదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ‘రావు, కె. రామ’ చేస్తుంది. అప్పుడు రావులూ, రెడ్లూ, శాస్త్రులూ అందరూ ఒకేచోట పోగుపడి, వ్యాసం మధ్యలో ‘రావు 45’ అని ఇస్తే ఏ రావో తెలియదు. రచయిత ఇంగ్లిష్ పుస్తకాల టైటిల్ పేజీ మీద తన పేరు ఎలా వేసుకున్నాడో చూసి, ఇంటిపేరేదో నిర్ధారించుకుని, థీసిస్ అంతటా ఒకే తీరు పాటించడం తప్ప దారి లేదు. లైబ్రరీ కేటలాగుల్లోనూ ఇవి రెండు తీర్లలోనూ కనిపిస్తాయి కాబట్టి కేటలాగును గుడ్డిగా నమ్మొద్దు. హ్యాండ్‌బుక్ దక్షిణ భారత పేర్ల మీద ఇంకా వివరంగా ఒక అరపేజీ ఇచ్చి ఉంటే బాగుండేది. ఇంతమంది వాడుతున్న పుస్తకంలో ఇది నిజమైన లోటు.

తెలుగు పుస్తకం పేరును రోమన్ లిపిలో రాస్తే మొదటి మాటకూ, సంజ్ఞానామాలకూ మాత్రమే పెద్దక్షరం, అర్థం చదరపు బ్రాకెట్లో. ఇంగ్లిష్ శీర్షికల్లా ప్రతి మాటకూ పెద్దక్షరం పెట్టకూడదు. కావాలంటే తెలుగు లిపిలోనే ఇవ్వొచ్చు, కానీ సగం అలా సగం ఇలా కుదరదు.

పేజీ తయారీ సులువు. నాలుగు వైపులా ఒక అంగుళం, మొత్తం డబుల్ స్పేసింగ్, పై కుడి మూలన అర అంగుళం కింద ఇంటిపేరు, పేజీ నంబరు. వర్క్స్ సైటెడ్‌లో (చివర ఇచ్చే ఆధారాల జాబితాలో) ప్రతి ఎంట్రీ రెండో లైను నుంచి అర అంగుళం లోపలికి. దీన్ని స్పేస్ బార్‌తో నెట్టకుండా పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో హ్యాంగింగ్ ఇండెంట్ పెడితే తర్వాత ఒక మాట చేర్చినా చెదరదు. వచనం నాలుగు లైన్లు దాటినా, పద్యం మూడు పంక్తులు దాటినా కొటేషన్ గుర్తులు తీసేసి విడిగా జరిపి ఇవ్వాలి. కృత్రిమ మేధ పరికరాలను ఉటంకించాల్సి వస్తే 2023 నుంచి సంస్థ ఇస్తున్న సూచన స్పష్టంగా ఉంది. ఆ పరికరాన్ని రచయితగా చూపకూడదు. అడిగిన ప్రశ్న వివరణ శీర్షిక చోట, పరికరం పేరు గూడు చోట, ఆ తర్వాత వెర్షన్, కంపెనీ, తేదీ, లింకు.

రెండో పెద్ద వస్తువు ఇంటర్నేషనల్ బిబ్లియోగ్రఫీ. 1920ల మొదట్లో పత్రికలో అమెరికన్ పరిశోధనల జాబితాగా మొదలై, 1950లలో అంతర్జాతీయమై, ఇప్పుడు ఎబ్స్కో అనే కంపెనీ ఆన్‌లైన్ వేదిక మీద డేటాబేస్‌గా ఉంది. సాహిత్యం, భాషాశాస్త్రం, జానపదం, సినిమా, రెటరిక్ అన్నీ ఇందులోకి వస్తాయి. ఇది ప్రధానంగా లైబ్రరీ చందాతో నడిచేది. కాబట్టి ముందు మీ యూనివర్సిటీ లైబ్రేరియన్ని అడగండి. గూగుల్ స్కాలర్ కంటే దీని గొప్ప ఏమిటంటే, ప్రతి రికార్డుకూ మనుషులు చదివి విషయ సూచికలు తగిలించారు. ఏ భాషా సాహిత్యం, ఏ కాలం, ఏ ప్రక్రియ, ప్రధానంగా ఏ రచయిత గురించి అనేవి వేరువేరు ఫీల్డులు. వ్యాసంలో ఒక రచయిత పేరు ఊరికే వచ్చిందా, వ్యాసమంతా అతని గురించేనా అన్నది ఇక్కడ తేలుతుంది.

దీన్ని వాడటంలో జరిగే పొరపాటు, పెట్టెలో పొడుగాటి వాక్యం టైప్ చేయడం. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లోకి వెళ్లి ఫీల్డు ఎంచుకుని ఒక్కో మాటే ఇవ్వాలి. ఎబ్స్కోలో ఒకేసారి నాలుగైదు డేటాబేస్‌లు టిక్ చేసి వెతికితే ఈ ప్రత్యేక ఫీల్డులు మాయమవుతాయి, అందుకని ఇదొక్కటే ఉంచి వెతకండి. తెలుగు రచయితలైతే పేరుకు ఉన్న అన్ని స్పెల్లింగులూ మధ్యలో ‘ఆర్’ వేసి ఇవ్వాలి. గురజాడలో జె ఉండొచ్చు, జెడ్ ఉండొచ్చు, అప్పారావు ఒక మాట కావచ్చు, రెండు కావచ్చు, అక్షరాల నెత్తిన దీర్ఘాల గీతలూ ఉండొచ్చు. పుస్తక సమీక్షలు సాధారణంగా ఇందులో ఉండవు. తెలుగులో వెలువడిన విమర్శ కోసం దీని మీద ఆధారపడితే నిరాశే, దానికి మన గ్రంథాలయాలే గతి.

దీనితోపాటే వచ్చే డైరెక్టరీ ఆఫ్ పీరియాడికల్స్‌ను మనవాళ్లు పట్టించుకోరు. నా దృష్టిలో ఇప్పుడు దీనికే విలువ ఎక్కువ. యూజీసీ 2025 ఫిబ్రవరిలో నమ్మదగిన పత్రికల ‘కేర్’ జాబితాను ఎత్తేశాక, ఏ పత్రిక నమ్మదగిందో తేల్చుకునే భారం విద్యాసంస్థల మీదా, పరిశోధకుల మీదా పడింది. వారంలో అచ్చు వేస్తామని మెయిల్ పెట్టే పత్రికలు వీధికి ఒకటి ఉన్నాయి. ఈ డైరెక్టరీలో పత్రిక పేరు కొడితే ఏడాదికి ఎన్ని వ్యాసాలు వస్తాయో, ఎన్ని వేసుకుంటారో, రచయిత పేరు దాచి సమీక్ష చేయిస్తారో లేదో, నిర్ణయానికి ఎన్ని నెలలు పడుతుందో కనిపిస్తుంది. ఈ వివరాలు ఆ పత్రికల సంపాదకులే ఇస్తారు కాబట్టి పత్రిక సొంత వెబ్‌సైట్‌తో ఒకసారి సరిచూసుకోవాలి.

పత్రిక సంగతి క్లుప్తంగా. సంస్థ పత్రిక పిఎంఎల్ఏ పాత సంచికలు 1884 నుంచి జేస్టోర్‌లో ఉన్నాయి. కొత్తవి ఇప్పుడు కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వస్తున్నాయి. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర ప్రభుత్వ పత్రికల చందా పథకంలోని 30 ప్రచురణ సంస్థల్లో కేంబ్రిడ్జి కూడా ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఉన్నవాళ్లు లైబ్రరీ లాగిన్‌తో ప్రయత్నించాకే చందా గురించి ఆలోచించాలి. వ్యాసం పంపడానికి మాత్రం సభ్యత్వం ఉండాలి. 9,000 మాటల లోపు, నోట్స్ లెక్కలోకి వస్తాయి, వర్క్స్ సైటెడ్ రాదు. రచయిత ఎవరో తెలియకుండా కనీసం ఇద్దరు చదువుతారు. ఫైలు ప్రాపర్టీస్‌లో పేరు మిగిలిపోవడం, ‘నేను ఇంతకుముందు రాసిన వ్యాసంలో’ అని నోట్‌లో రాయడం, ఈ రెండింటి వల్లే గుట్టు బయటపడుతుంది. ఒక రచయిత మీద, ఒక రచన మీద మాత్రమే రాసిన సెమినార్ పేపర్‌ను పంపితే ఇక్కడ నిలబడదు. ఆ రచన తెలియనివాళ్లు కూడా చదవాల్సిన వాదన ఉండాలి.

సభ్యత్వానికి అసలు ప్రయోజనం వార్షిక సభలు. 2009 వరకూ క్రిస్మస్‌కూ కొత్త ఏడాదికీ మధ్య జరిగేవి. పండగ పూట కుటుంబాలను వదిలి రావాల్సి వస్తోందన్న విమర్శ ఏళ్లపాటు నడిచాక, 2010లో సభలు పెట్టకుండా 2011 నుంచి జనవరికి మార్చారు. మనకు అది సంక్రాంతి ముందువారం. 2025లో న్యూ ఆర్లీన్స్, 2026లో టొరంటో.

తేదీల విషయంలో వీళ్లు కచ్చితం. వచ్చే జనవరి సభలకు పిలుపులు ఈ ఏడాది మొదటి రెండు నెలల్లోనే వస్తాయి. సెషన్ ప్రతిపాదన ఏప్రిల్ 1 లోగా వెళ్లాలి. అందులో పేరున్న ప్రతివాళ్లూ ఏప్రిల్ 7 కల్లా సభ్యులై ఉండాలి. సభ్యత్వం క్యాలెండర్ ఏడాది లెక్కన నడుస్తుంది, డిసెంబరు 31తో ముగుస్తుంది. అందువల్ల జనవరి, మార్చి మధ్య చేరడమే తెలివి. అక్టోబరులో సభల ప్రకటన చూసి చేరితే పేపర్ చదివే అవకాశం అప్పటికే దాటిపోయి ఉంటుంది. మన సెమినార్లలో ముందు రోజు రాత్రి రిజిస్ట్రేషన్ కట్టి పొద్దున పేపర్ చదవడం అలవాటైనవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఒక్కరే వెళ్లి ‘నా పేపర్ తీసుకోండి’ అంటే కుదరదు. పిలుపు ఇచ్చిన ప్యానెల్ నిర్వాహకులకు 250 మాటల చుట్టూ సారాంశం పంపాలి, లేదా మీరే ముగ్గురు నలుగురిని కూడగట్టి ప్రత్యేక సెషన్ ప్రతిపాదించాలి. ప్రత్యేక సెషన్లను కమిటీ వడపోస్తుంది. శాశ్వత ఫోరంల (ఒక్కో రంగానికి ఉండే సభ్యుల బృందాల) సెషన్లకు ముందే చోటు ఖాయం. అందుకని తొలిసారి వెళ్లేవాళ్లకు ఫోరం పిలుపుకే స్పందించడం మేలు. తెలుగుకు వేరే ఫోరం లేదు. దక్షిణాసియా, దక్షిణాసియా ప్రవాస సాహిత్యాల ఫోరం ఉంది, అనువాదానికీ ఉంది. తెలుగు దళిత కవిత్వం మీద పనిచేస్తున్నవాళ్లకు ఈ రెండూ సరైన చోట్లు. సెషన్ నిడివి 75 నిమిషాలు. ముగ్గురుంటే తలా 15 నుంచి 20 నిమిషాలు, మిగిలింది ప్రశ్నలకు. డబుల్ స్పేసింగ్‌లో ఏడెనిమిది పేజీలు మించితే చదవలేరు. పెద్దక్షరాల్లో అచ్చు ప్రతులు కొన్ని వెంట తీసుకెళ్లాలి, చూపు సరిగా లేనివాళ్లకు, వినికిడి లోపం ఉన్నవాళ్లకు ఇవ్వడం అక్కడ మర్యాద. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు వీసా స్లాటే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. ఆమోదం మెయిల్ వచ్చిన రోజే దరఖాస్తు మొదలుపెట్టాలి. ఏ దేశంలో సభలో చూసుకోవాలి, టొరంటోకు అమెరికా వీసా పనికిరాదు.

సంస్థ వేసే అధ్యాపక ఉద్యోగాల జాబితా అమెరికాలో చదువుతున్నవాళ్లకే సంబంధించింది. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత అందులో శాశ్వత ఉద్యోగాలు బాగా తగ్గాయి. తెలుగు విద్యార్థులు ఇంగ్లిష్ పీహెచ్‌డీకి వెళ్లేముందు సంస్థే వేసే ఆ జాబితాల లెక్కలు చూసి వెళ్లాలి. సంస్థ 2013లో సభ్యుల కోసం మొదలుపెట్టిన కామన్స్ అనే ఆన్‌లైన్ వేదిక 2016లో హ్యుమానిటీస్ కామన్స్‌గా అందరికీ తెరుచుకుంది. ఇప్పుడు నాలెడ్జ్ కామన్స్ పేరుతో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ నిర్వహణలో ఉంది. సభ్యత్వం లేకుండా ఉచితంగా ఖాతా తెరిచి, మీ వ్యాసం, సిలబస్, స్లైడ్లు పెట్టి డీఓఐ నంబరు (ఆన్‌లైన్‌లో శాశ్వత గుర్తింపు నంబరు) తెచ్చుకోవచ్చు. కొన్ని పత్రికలు డీఓఐ కోసమే వేలు వసూలు చేస్తున్న రోజుల్లో ఇది తెలియకపోవడం నష్టం. పెట్టేముందు ప్రచురణకర్తతో ఒప్పందం అనుమతిస్తుందో లేదో చదవండి.

పాలన తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. ఎన్నికైన డెలిగేట్ అసెంబ్లీ, దాని పైన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఉంటాయి. తీర్మానం అసెంబ్లీ దాటి, కౌన్సిల్ పరిశీలన దాటి, సభ్యుల ఓటుకు రావాలి. అక్కడ ఎక్కువ ఓట్లు పడితే సరిపోదు, మొత్తం సభ్యుల్లో కనీసం పది శాతం అనుకూలంగా ఓటు వేయాలి. 2024లో ఇజ్రాయెల్ మీద బహిష్కరణ, పెట్టుబడుల ఉపసంహరణ ఉద్యమాన్ని సమర్థించే తీర్మానాన్ని కౌన్సిల్ అసెంబ్లీ చర్చకే పంపలేదు. సంస్థ ఒప్పందాలకు, ఆదాయానికి నష్టమని కారణం చెప్పింది. 2025 జనవరి సభల్లో నిరసనలు జరిగాయి, కొందరు సభ్యత్వం వదులుకున్నారు. తీర్మానంతో ఏకీభవించకపోయినా, పుస్తకాలు, డేటాబేస్ అమ్మి బతికే సంఘంలో వ్యాపార ప్రయోజనం చర్చకు అడ్డం రావడం ఆలోచించాల్సిన విషయమే. ఓటు కోసం చేరేవాళ్లు ఇది తెలిసి చేరాలి.

మీ పని ప్రధానంగా భాషా బోధన అయితే, ఇంజినీరింగ్ కాలేజీలో కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్, డిగ్రీలో జనరల్ ఇంగ్లిష్ చెబుతుంటే, 1969లో చెన్నైలో ఎస్. నటరాజన్ స్థాపించిన ఇంగ్లిష్ లాంగ్వేజ్ టీచర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియానే ముందు చూడమంటాను. రూపాయల్లో కట్టొచ్చు, జీవిత సభ్యత్వం ఉంది, ఊళ్లలో చాప్టర్లున్నాయి, అరవై డెబ్భై మంది క్లాసు సమస్యలు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

మోడరన్ లాంగ్వేజ్‌లోనే చేరాలని నిర్ణయించుకుంటే, రుసుము ఆదాయాన్ని బట్టి అంచెలుగా ఉంటుంది, విద్యార్థులకు బాగా తక్కువ. మీ జీతాన్ని డాలర్లలోకి మార్చి చూసుకుంటే మన అసిస్టెంట్ ప్రొఫెసర్లలో చాలామంది కింది అంచెల్లోకే వస్తారు. పై అంచె ఎంచుకుని ఎక్కువ కట్టకండి. కట్టేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయాలి. 2020 నుంచి కొత్త కార్డులకు అవి మూసే వస్తున్నాయి, చెల్లింపు ఫెయిల్ అవడానికి సాధారణంగా కారణం అదే. రసీదు పీడీఎఫ్ దాచుకోండి, కాన్ఫరెన్స్ గ్రాంటు బిల్లులతో పాటు డిపార్ట్‌మెంట్ అడుగుతుంది. సభ్యుడిగా నమోదు చేసే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. సభల ప్రోగ్రామ్‌లో, ఆహ్వాన పత్రంలో అదే అచ్చవుతుంది, వీసా కౌంటర్‌లో అదే చూస్తారు.